2147483647 ప్రైమ్ అని చేత్తో ఎలా తేల్చారు?

ప్రశ్న:
నిన్న నా ప్రోగ్రాంలో కౌంటర్ 2147483647 దాటగానే టక్కున మైనస్‌లోకి పడిపోయింది. 32 బిట్ల లిమిట్ అని తెలుసు గానీ, ఈ నంబరు ప్రైమ్ కూడా అట, 1772 నాటికే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చేశాడట. వర్గమూలం 46340 దాకా వెళ్లాలి కదా, అంటే దాదాపు 4,800 ప్రైమ్‌లతో భాగించాలి, కాలిక్యులేటర్ లేకుండా ఎలా చేశాడండీ?

జవాబు 1:
అన్నిటితో అక్కర్లేదండీ. ఇది 2 ఘాతం 31లోంచి 1 తీసేస్తే వచ్చేది. ఘాతం బేసి ప్రైమ్ అయినప్పుడు, ఇలాంటి నంబరుని భాగించే ప్రైమ్ ఏదైనా ఆ ఘాతానికి రెట్టింపుతో భాగిస్తే శేషం 1 రావాలి. చిన్నది చూడండి: ఘాతం 11 అయితే 2047, అది 23 × 89. రెండూ 22తో భాగిస్తే శేషం 1 వచ్చేవే. ఇక్కడ 62తో శేషం 1, పైగా 8తో శేషం 1 గానీ 7 గానీ ఉండాలి. రెండూ కలిపితే 248తో శేషం 1 లేదా 63. అలా వడకడితే మిగిలే ప్రైమ్‌లు వంద కూడా ఉండవు. ఓపిక కావాలి, అంతే.

ప్రశ్న వేసినవారు:
ఓహ్, 23, 89 చూశాక వెలిగింది! థాంక్సండీ.

జవాబు 2:
ఇంకోటి, పాత ర్యాండమ్ నంబర్ జనరేటర్లలో ఇదే ఉండేది. సీడ్ అనే మొదటి నంబరుని 16807తో గుణించి, దీనితో భాగించి, వచ్చిన శేషంతో మళ్లీ అదే చేస్తూ పోతే 1 నుంచి 2147483646 దాకా ప్రతి నంబరూ ఒక్కసారి వచ్చాకే మళ్లీ మొదటికొస్తుంది. సీడ్ మాత్రం సున్నా ఇవ్వకండి, ఎప్పటికీ సున్నాయే వస్తుంది, నేనోసారి దానితో పూటంతా తల బద్దలు కొట్టుకున్నా.