పాపానికి జీతమా, పాపం ఇచ్చే జీతమా?

రాజోలు నుంచి:
అందరికీ నమస్కారమండి. మా ఊరి కాలవ వంతెన దాటాక సమాధుల తోట గోడ మీద, పసుపు రంగు వేసి నల్లక్షరాలతో "పాపమునకు జీతము మరణము" అని రాసుంటుంది. చర్చిలో చదివే బైబిల్లో మాత్రం "పాపమువలన వచ్చు జీతము మరణము" అని ఉంది (రోమా 6:23). రెండూ ఒకటేనంటారు మా బావగారు. నాకు అలా అనిపించడం లేదు. అసలు చావుని జీతం అనడమేంటండి, శిక్ష అనాలి కదా? వ్యాకరణం తెలిసినవాళ్లు చెప్పండి. మత ప్రచారం, మత ఖండన రెండూ వద్దు, అడ్మిన్ గారు పోస్టు లేపేస్తారు.

అమలాపురం నుంచి:
రెండూ ఒకటి కావండి. "పాపమునకు జీతము" అంటే పాపం చేసినందుకు ఎవరో ఇస్తున్నారన్న మాట. ఆ ఇచ్చేది దేవుడే అనుకుంటాం, మీకు శిక్ష అన్న మాట తోచింది అందుకే. "పాపమువలన వచ్చు జీతము"లో ఇచ్చేది పాపమే కావచ్చు.

వలన అనగానే ఇప్పుడు మనకి "వాన వలన బడి లేదు" లాంటి కారణమే గుర్తొస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వలన వచ్చే చోట్లు చెబుతూ అపాయ, భయ, జుగుప్సా, పరాజయ, ప్రమాద, గ్రహణ అంటూ పెద్ద దండే కట్టాడు. అందులో గ్రహణం అంటే పుచ్చుకోవడం. ఎవరి దగ్గర పుచ్చుకుంటామో వారికి వలన చేరుతుంది. గురువు వలన విద్య గ్రహించాడు అంటాం చూడండి, అలాగ. ఆ లెక్కన పాపము వలన జీతం అంటే పాపం చేతుల మీదుగా అందే జీతం.

ఇది నేను లాగి చెబుతున్న అర్థం కాదు. ఆరో అధ్యాయం పైనుంచి చదవండి. ఈ పత్రిక రాసిన పౌలు అక్కడ పాపాన్ని మనం చేసే పనిగా కంటే మనల్ని ఏలే యజమానిగానే ఎక్కువ చూపిస్తాడు. దాన్ని ఏలనివ్వకండి అంటాడు, అవయవాలు దానికి అప్పగించకండి అంటాడు, ఒకప్పుడు మీరు దానికి దాసులు అంటాడు. చివరికి ఆ యజమాని లెక్క తేల్చి చేతిలో ఏం పెడతాడో చెప్పాడు, అంతే. గ్రీకులో అక్కడున్న మాట ఒప్సోనియా. సైనికుల బత్తెం. లూకా 3:14లో బాప్తిస్మమిచ్చే యోహాను సైనికులతో మీ జీతాలతో తృప్తి పడండి అన్నప్పుడూ ఇదే మాట. దాని లోపల ఒప్సోన్ అన్న పాత మాటుంది: రొట్టెలోకి నంజుకునేది, ముఖ్యంగా చేప. గోదావరి వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

13వ వచనంలో "సాధనములు" అన్న చోట కూడా గ్రీకు మాటకి ఆయుధాలు అన్న అర్థం ఉంది. తెలుగులో ఆ సైన్యం వాసన పోయింది. బత్తెం అని ఉంటే నాకు ఇంకా నచ్చేది గానీ, ఈ రోజుల్లో బత్తెం అంటే డీఏ అనుకుంటారు.

కాకినాడ నుంచి:
మాస్టారూ, చిన్న డౌటు. దాసుడికి జీతమేంటి? బానిసకి తిండి పెడతారు గానీ జీతం ఇవ్వరు కదా.

ముమ్మిడివరం నుంచి:
సైన్యం సంగతి నాకు తెలీదండి, జీతం సంగతి తెలుసు. మా వైపు కూలి వేరు, జీతం వేరు. నాట్లకీ కోతలకీ వచ్చినవాళ్లది కూలి. సాయంత్రం డబ్బులు చేతిలో పడ్డాక రేపు ఇంకొకరి చేలోకి పోవచ్చు, అడిగేవాడు లేడు. జీతానికి కుదిరిన పాలేరు అలా కాదు. ఏడాదంతా ఆ కామందు మనిషే. చీకటితో పశువుల దగ్గరికి రావాలి, చుట్టాలింటికి పోవాలన్నా అడిగి పోవాలి.

వాళ్ల నాన్నగారి నాటి పద్ధతి మా నాన్న చెప్పేవాడు. కళ్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చేవారట. మొదటి కుంచం "ఒకటి" అనరు, "లాభం" అంటారు, తర్వాత రెండు, మూడు. పెళ్లికనో రోగమనో ఏడాది మధ్యలో వాడుకున్నది తీసేసి మిగతాది గోనెలో పోసేవారు. ఒక్కో ఏడు గోనె విప్పే పనే ఉండేది కాదు, బాకీ పై ఏడుకి ఎక్కేది. పేరుకి జీతం, నడిచేది దాస్యం. కాకినాడ వారు అడిగినదానికి నాకు తోచిన జవాబు అదేనండి. కూలి అని వేయకుండా జీతం అని వేసినాయన పొలం ఎరిగినవాడై ఉండాలి. పాపం దగ్గరికి పొద్దున వెళ్లి సాయంత్రానికి లెక్క తెంచుకుని ఇంటికి రావడం ఉండదు మరి.

అమలాపురం నుంచి:
బాగా చెప్పారు. ఆ తేడా బైబిల్లోనే దొరుకుతుంది. మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్లకి సాయంత్రం ఇచ్చింది "కూలి". ఇంకో మాట. కళ్లంలో కొలిచిన గింజల్ని కామందు దయ అని పాలేరు ఎప్పుడూ అనుకుని ఉండడు కదండీ, అవి వాడి కష్టం. ఇదే రోమా పత్రిక 4:4 చూడండి: "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." అక్కడ గ్రీకు మాట వేరు, తెలుగులో రెండు చోట్లా జీతమే. ఈసారి తెలుగుకే లాభం, రెండు వచనాలూ ఒకదాన్నొకటి పట్టిస్తున్నాయి.

భీమవరం నుంచి:
అంటే దేవుడి తీర్పే లేదంటారా? అదే పత్రిక రెండో అధ్యాయంలో ప్రతివానికి వాని క్రియల చొప్పున ప్రతిఫలం ఇస్తాడని ఉంది.

అమలాపురం నుంచి:
తీర్పు పత్రికలో ఉంది, కాదనను. ఈ వాక్యంలో ఇచ్చేది ఎవరన్నదే నేను చెబుతున్నది. ఒక్క వచనం నెత్తిన సిద్ధాంతమంతా ఎత్తకూడదు.

నరసాపురం నుంచి:
సండే స్కూల్లో పిల్లలకి ఈ వచనం కంఠతా పెట్టిస్తుంటాను కాబట్టి నా మాట కూడా వినండి. గోడ మీద తప్పు "పాపమునకు"లో ఉన్న ఆరో విభక్తిది కాదు, సగంలో ఆపేయడం. మరణము అన్న తర్వాత కామా ఉంది, దాని వెనక "అయితే" ఉంది. "అయితే దేవుని కృపావరము మన ప్రభువైన క్రీస్తు యేసునందు నిత్యజీవము." రంగు ఖర్చుకి చూసుకుంటారో, భయపెడితే చాలనుకుంటారో మరి! బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు 1836లో ఇండియాకి వచ్చి పాలకొల్లు, నరసాపురాల్లో పని మొదలెట్టిన దగ్గర్నుంచీ ఈ డెల్టాలో ఈ మాట విన్నవాళ్లలో జీతానికీ కూలికీ బతికినవాళ్లే ఎక్కువ. వాళ్లకి మొదటి సగం కొత్త సంగతేం కాదు. చాకిరీకి చివర ఏం మిగులుతుందో తెలుసు. కొత్తగా వినిపించింది రెండో సగమే.

నన్నడిగితే అసలు చర్చ "వరం" మీద జరగాలి. మన కథల్లో వరం ఊరికే రాదు. భస్మాసురుడంతటి వాడు కూడా తపస్సు చేశాకే పుచ్చుకున్నాడు. తపస్సుకి ఫలం వరం అంటే అది కూడా ఒక రకం జీతమే అయిపోతుంది. ముందు "కృపా" తగిలించేసరికి ఆ దారి మూసుకుంది. చేసినదానికి వచ్చేది ఒకటి, చేయకపోయినా ఇచ్చేది ఒకటి. ఎఫెసీ 2:8లోనూ ఇంతే: "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." మాస్టారూ, అక్కడా మీ వలన ఉంది చూశారా!

అలాగని మంచి పనులు అక్కర్లేదని కాదండి. క్రియలు లేని విశ్వాసం మృతం అని యాకోబు పత్రిక రెండో అధ్యాయం అంటుంది. రక్షణ వచ్చాక పనులు వస్తాయి, పనులతో రక్షణ కొనుక్కోం అని మా సంఘంలో చెబుతారు.

పాలకొల్లు నుంచి:
మేం కథోలికులమండి. జీతం సరే, "మరణము" సంగతి ఎవరూ ఎత్తలేదే. విశ్వాసులూ చనిపోతున్నారు కదా. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి ప్రార్థన చేసుకునేది చనిపోయినవాళ్ల ఆత్మల కోసమే. దేవుడి స్నేహంలో పోయినా ఇంకా శుద్ధి కావలసినవాళ్లు ఉత్తరించు స్థలంలో ఉంటారని మా నమ్మకం.

నరసాపురం నుంచి:
ఉత్తరించు స్థలం మేం ఒప్పుకోం, మీకు తెలిసిందే. కానీ ప్రశ్న మంచిది. ఈ వచనంలో మరణానికి ఎదురుగా పెట్టింది నిత్యజీవం. కాబట్టి ఊపిరి ఆగిపోవడం ఒక్కటే అయ్యుండదు, దేవుడికి శాశ్వతంగా దూరమైపోవడం. ప్రకటన గ్రంథం 20లో "రెండవ మరణము" అంటారు. అది అంతం లేని బాధ అని ఎక్కువ సంఘాలు చెబుతాయి, పూర్తిగా లేకుండా పోవడమని నమ్మే క్రైస్తవులూ ఉన్నారు. మొదటి మరణం మాత్రం అందరికీ ఉంది, దాని తర్వాత పునరుత్థానం ఉంది.

కాకినాడ నుంచి:
"క్రీస్తు యేసునందు" అనడం ఎందుకు, "ద్వారా" అంటే పోయేదిగా?

అమలాపురం నుంచి:
ద్వారా అంటే దాటిపోయే దారి, నందు అంటే ఉండే చోటు. గ్రీకులోనూ "లో" అనే ఉంది. ఇదే అధ్యాయం 11వ వచనంలో కూడా "క్రీస్తుయేసునందు" అనే వాడారు. మిగతాది వేరే పోస్టు పెట్టండి బాబూ, సప్తమీ విభక్తి కూడా ఇందులోనే కలిపితే ఏదీ తేలదు.