ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో మోత: ఐసొలేటర్ వాడవచ్చా?

మాది అమలాపురం. కోనసీమ తేమకు సీడీ ప్లేయర్ తరచూ మొరాయిస్తుంటే, కర్ణాటక సంగీతం సీడీలన్నిటినీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే) ఫైళ్లుగా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి 3.5 మి.మీ. కేబుల్‌తో పాత స్టీరియో ఆంప్లిఫయర్‌కు కలిపాను.

ఛార్జర్ పెట్టగానే గుయ్యిమని మోత. తంబురా శ్రుతి పక్కన అది మరీ దుర్భరం! ఛార్జర్ తీస్తే మాయం. ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ తగ్గించినా మోత తగ్గదు, ఆంప్లిఫయర్‌లో తగ్గిస్తేనే తగ్గుతుంది. సీడీ ప్లేయర్‌తో ఈ బెడద లేదు.

కేబుల్ మార్చాను. ఛార్జర్‌నూ ఆంప్లిఫయర్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టాను. ఎలక్ట్రీషియన్ ఎర్తింగ్ చూసి బాగానే ఉందన్నాడు. ఛార్జర్ ఎర్త్ పిన్ను తీసేయమని ఒకరి సలహా. షాక్ కొట్టే ఆ పని మాత్రం చేయను.

ల్యాప్‌టాప్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఎర్త్ తీగల చుట్టు వల్ల వచ్చే మోతను ఆపే, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండే పరికరం) పెడితే మృదంగం ఎడమవైపు మంద్రనాదం పలచబడుతుందా? వాడినవారు చెప్పగలరు.