ఒక్క స్ప్రే డబ్బా బండి మొత్తానికి సరిపోతుందా?

వానదారి:
వానలు మొదలైనప్పటి నుంచి ప్రతి ఆదివారం బండి కడిగి, నీళ్లను తరిమే స్ప్రే ఒకటి కొడుతున్నాను. చైన్, బోల్టులు, స్టాండు స్ప్రింగు, లీవర్లు, క్లచ్ కేబుల్, అన్నిటికీ అదే డబ్బా. ఎక్కడా తుప్పు మచ్చ లేదు. కానీ మొన్న సర్వీసుకిస్తే మెకానిక్ చైన్ పట్టుకు చూసి "దీన్ని ఎండగట్టేశారు" అన్నాడు. వారం వారం తడుపుతున్న చైన్ ఎండిపోవడం ఏంటి? నేను చేసింది తప్పయితే తుప్పు ఎందుకు పట్టలేదు?

గ్రీజుచేతులు:
మెకానిక్ సరిగ్గానే చెప్పాడండీ. తుప్పు ఆపడం వేరు, అరుగుదల ఆపడం వేరు. మీ స్ప్రే మొదటి పని చేసింది, రెండోది దానివల్ల కాదు.

ఈ రకంలో అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40 సంగతే చూడండి. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ అనే చిన్న కంపెనీ దాన్ని తయారుచేసింది. అట్లాస్ క్షిపణి పైరేకుకు తుప్పు పట్టకుండా వాడారు. పేరులోని డబ్ల్యూడీకి అర్థం నీటిని తొలగించడం, 40 అంటే నలభయ్యో ఫార్ములా. ఇలాంటి స్ప్రేలలో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకం, కొద్దిగా పలచటి నూనె. ద్రావకం ఎగిరిపోయాక మిగిలిన పొర తేమను కొన్నాళ్లు ఆపుతుంది. చైన్ రోలర్‌కీ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్లచక్రం) పంటికీ మధ్య పడే ఒత్తిడికి మాత్రం ఆ పొర నిలవదు. చైన్ ల్యూబ్ కూడా పలచగానే లోపలికి దిగుతుంది గానీ, ఆరాక జిగురుగా మారి అంటిపెట్టుకుంటుంది. పైగా మీ స్ప్రే ఉన్న గ్రీజును కరిగిస్తుంది. ఓ-రింగ్ చైన్ (లింకుల మధ్య రబ్బరు రింగులుండే రకం) అయితే ఆ రింగులూ పాడవుతాయి.

సముద్రగాలి:
ఆ చివరి మాట నేను ఒప్పుకోను. చాలా మాన్యువల్స్‌లో ఓ-రింగ్ చైన్‌ను కిరోసిన్‌తో కడగమనే ఉంటుంది. ఆ రింగులకు సాధారణంగా వాడేది నైట్రైల్ రబ్బరు, నూనెను తట్టుకుంటుందనే దాన్ని వాడతారు. భయపడాల్సింది పెట్రోలుకు, గ్రీజును కరిగించే గట్టి డీగ్రీజర్లకు, ఇనుప బ్రష్షుకు. లింకులను కలిపే పిన్నుకూ దాని చుట్టూ ఉండే బుష్ అనే గొట్టానికీ మధ్య గ్రీజును ఫ్యాక్టరీలోనే పెట్టి రింగులతో మూసేస్తారు, పైన కొట్టిన స్ప్రే అక్కడిదాకా వెళ్లదు.

ఇక స్ప్రేలే దండగ అనే వాదన నాకు నచ్చదు. సముద్రం పక్కన బండి పెట్టేవాళ్ల బాధ వేరు. ఉప్పు కలిసిన తేమలో తుప్పు చాలా వేగంగా పాకుతుంది. అల్యూమినియం ఇంజిన్ కేసింగ్‌లో స్టీలు బోల్టు ఉంటే, ఉప్పునీళ్లు తగిలినప్పుడు అల్యూమినియం కరుగుతుంది. బోల్టు చుట్టూ తెల్లటి పొడి చూసే ఉంటారు. అది ముదిరాక బోల్టు విప్పబోతే తల తెగి చేతిలోకి వస్తుంది. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు గొట్టం మీద క్రోమ్ కింద తుప్పు లేస్తే ఆ గరుకు ఆయిల్ సీలును కోసేస్తుంది. విమానాల కోసం తయారైన ఏసీఎఫ్-50 లాంటి తుప్పు ఆపే స్ప్రేలను బండ్లవాళ్లు వాడుతున్నది ఇందుకే. ప్రతి బోల్టుకూ గ్రీజు పూయడం ఎవరివల్ల అవుతుంది? కొట్టేముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఉప్పు మీదే కొడితే దాన్ని లోపల పెట్టి మూసినట్టే.

గ్రీజుచేతులు:
రింగుల విషయంలో మీరన్నదే సరి, నేను ఎక్కువ చెప్పాను. బోల్టులకు స్ప్రే వద్దని మాత్రం అనలేదు. నా గొడవ అంతా కదిలే భాగాల గురించే. హ్యాండిల్ బేరింగులు, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టే చేయి) పివోట్, చక్రాల బేరింగులు గ్రీజు మీదే బతుకుతాయి. సీలు అంచున పలచటి స్ప్రే కొడుతూ పోతే అది లోపలికి పాకి గ్రీజును పలచన చేస్తుంది.

ఎడమబ్రేకు:
బ్రేకుల గురించి ఎవరూ అనలేదు, నేను చెప్పాలి. ఒకసారి వెనక చైన్‌కు స్ప్రే కొడుతుంటే గాలికి తుంపర డిస్కు మీద పడింది. పైకి ఏమీ కనబడలేదు. మలుపు దగ్గర పెడల్ తొక్కితే బండి ఆగలేదు, ముందు బ్రేకుతో ఎలాగో నిలిపాను. ఇంటికొచ్చి డిస్కును బ్రేక్ క్లీనర్‌తో తుడిచాను, ఫలితం లేదు. ప్యాడ్లు అప్పటికే నూనె పీల్చేసుకున్నాయి, కొత్తవి వేయాల్సి వచ్చింది. అప్పటినుంచి డిస్కుకూ టైరుకూ గుడ్డ కప్పకుండా డబ్బా తెరవను. బోల్టులకైతే స్ప్రేను గుడ్డ మీద కొట్టుకుని తుడుస్తాను. దయచేసి మీరూ అలాగే చేయండి. సైలెన్సర్ వేడిగా ఉన్నప్పుడు అసలు కొట్టొద్దు, డబ్బాలో ఉండేది మండే ద్రావకం.

వానదారి:
మరి క్లచ్ కేబుల్ సంగతేంటి? స్ప్రే కొట్టాక లీవరు వెన్నలా మెత్తబడింది. అది భ్రమ కాదు కదా.

గ్రీజుచేతులు:
భ్రమ కాదు. పాత మడ్డి కరిగి కిందికి దిగింది, అందుకే మెత్తబడింది. ఆ పలచటి నూనె ఆరిపోయాక మళ్లీ బిగుసుకుంటుంది. కొన్ని కేబుళ్లకు లోపల టెఫ్లాన్ పూత ఉంటుంది, వాటికి ఏమీ వేయొద్దని మాన్యువల్ చెబితే వేయకండి. మిగతావాటికి కేబుల్ ల్యూబ్ వేయండి. ఇంతకీ మీ చైన్‌కు ఓ-రింగులు ఉన్నాయా? పక్కనుంచి చూస్తే ప్లేట్ల మధ్య నల్లటి రబ్బరు అంచు కనబడాలి.

వానదారి:
ఇప్పుడే చూసొచ్చాను. రబ్బరు లేదు, మామూలు చైనే.

సముద్రగాలి:
అయితే నేను రింగుల గురించి చెప్పింది మీకు వర్తించదు. మీ స్ప్రే పిన్నుల దాకా వెళ్లి అక్కడి గ్రీజును కడిగేసి ఉంటుంది. చైన్ విషయంలో గ్రీజుచేతులు గారి మాటే వినండి. స్టాండు స్ప్రింగుకూ బోల్టులకూ మాత్రం స్ప్రే ఆపకండి, ఆ మాట మీద నేను ఇంకా గట్టిగానే ఉన్నాను.

గ్రీజుచేతులు:
ఇంజిన్ ఆపి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ చైన్‌ను కిరోసిన్‌తో కడగండి. గేరులో నడుస్తున్న చైన్ దగ్గర వేళ్లు పెట్టి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. బాగా తుడిచాక ల్యూబ్‌ను చైన్ లోపలి వైపు నుంచి కొట్టండి, రాత్రంతా వదిలేయండి. వెంటనే నడిపితే ఎగిరి టైరు మీద పడుతుంది. కడిగేటప్పుడు ఒక్కో లింకునూ వేళ్లతో వంచి చూడండి.

వానదారి:
కడిగాను. మూడు లింకులు వంచితే వంగినట్టే ఉండిపోతున్నాయి. ల్యూబ్ కొట్టి పొద్దున చూశాను, ఒకటి వదులైంది, రెండు అలాగే ఉన్నాయి. స్ప్రాకెట్ పళ్లు కూడా ఒక పక్కకు వంగి మొన తేలాయి.

గ్రీజుచేతులు:
అయితే చైన్ ఒక్కటే మార్చకండి, ముందు వెనక స్ప్రాకెట్లతో కలిపి సెట్ వేయించండి. పాత పళ్ల మీద కొత్త చైన్ త్వరగా అరిగిపోతుంది. అప్పటిదాకా దూరాలు వెళ్లొద్దు.