మూడేళ్ల తర్వాత ఇంటికి వెళ్తున్నాను, కానీ విమానం అంటేనే టెన్షన్

ఉద్యోగం కోసం దేశం దాటి వచ్చి మూడేళ్లయింది. వచ్చే వారమే ఇంటికి ప్రయాణం. అమ్మను చూడబోతున్నానన్న సంతోషం ఎంత ఉన్నా, విమానం గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు. వచ్చేటప్పుడు గాలి కుదుపులకు అరగంట పైగా ఊగిపోయాం. అప్పటి నుంచే ఈ భయం.

కుదుపులను తట్టుకునేలాగే విమానాలను తయారుచేస్తారని, బెల్టు పెట్టుకుని కూర్చుంటే దెబ్బలు తగిలే అవకాశం చాలా తక్కువని తెలుసు. తెలిసినా గుండె దడ ఆగదు కదా! రెక్కల దగ్గర కుదుపు కాస్త తక్కువగా తెలుస్తుందంటే అక్కడే సీటు తీసుకున్నాను.

ఇలాంటి భయంతోనే తొమ్మిది, పది గంటలు ప్రయాణించినవాళ్లు ఉన్నారా? కుదుపులు మొదలైన ఆ క్షణంలో మీరేం చేశారు? ఎక్కగానే సిబ్బందికి చెప్పుకోవచ్చా? నిద్రమాత్రలు వేసుకోవడం నాకిష్టం లేదు. అది తప్ప ఏదైనా చెప్పండి, ప్లీజ్.