కుక్కతో న్యూజెర్సీ నుంచి సియాటిల్‌కు కారులో వెళ్తూ టెంటులో బస: ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

అందరికీ నమస్కారం. ఉద్యోగం మారడంతో జూన్ 30న సియాటిల్‌కు బయలుదేరుతున్నాం. సామాను లారీలో వెళ్తుంది. నేను, మా వారు, మూడేళ్ల లాబ్రడార్ చిట్టి కారులో వెళ్తాం. దాన్ని విమానంలో సామాను అరలో పంపడానికి మనసు ఒప్పలేదు. చేతిలో పన్నెండు రోజులున్నాయి. దారిలో బ్యాడ్‌లాండ్స్, ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులు చూస్తూ, రాత్రుళ్లు టెంటులో ఉండాలని ఆలోచన. చిట్టి ఇంతవరకు రెండు గంటలకు మించి కారులో కూర్చోలేదు, టెంటును చూడనైనా చూడలేదు. ఏమేం కొనాలో చెప్పగలరా?

సమాధానం (మిన్నియాపొలిస్ నుంచి)

కొనవలసిన వాటికంటే ముందు మీ దారిని మరొకసారి చూసుకోండి. మీరు రాసిన మూడు పార్కులూ మనకు ఎంత విశాలమో కుక్కలకు అంత ఇరుకు. మూడింటిలోనూ కాలిబాటల మీదికి కుక్కను రానివ్వరు. క్యాంపుగ్రౌండ్, రోడ్డు పక్క, పార్కింగ్ స్థలం, అంతవరకే. అక్కడ కూడా లీష్ (కుక్కను పట్టుకునే తాడు) ఆరడుగులకు మించకూడదు. ఎల్లోస్టోన్‌లో రోడ్డుకు వంద అడుగుల దూరం దాటకూడదు, వేడి నీటి గుండాల దగ్గరి చెక్కబాటల మీదికి అసలే తీసుకెళ్లకూడదు.

ఈ నియమం ఊరికే పెట్టింది కాదు. 1981లో అక్కడ ఒక కుక్క బండిలోంచి తప్పించుకుని సెలెస్టీన్ అనే ఉష్ణగుండంలోకి దూకింది. దాన్ని కాపాడాలని వెంట దూకిన 24 ఏళ్ల యువకుడూ, కుక్కా, ఇద్దరూ ప్రాణాలతో దక్కలేదు. చిట్టిని దింపే ప్రతిసారీ ముందు లీష్ తగిలించి, ఆ తర్వాతే తలుపు తీయండి. ఈ అలవాటు ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.

అందుకని నా సలహా: గ్లేసియర్‌ను మరో ఏడాదికి వదిలేయండి. రాత్రి బసలు నేషనల్ ఫారెస్టులలో పెట్టుకోండి. మీ దారిలోనే సౌత్ డకోటాలో బ్లాక్ హిల్స్, వయోమింగ్‌లో బిగ్‌హార్న్, మాంటానాలో లోలో అడవులున్నాయి. క్యాంపుగ్రౌండులో లీష్ నియమం అక్కడా ఉంటుంది, కానీ కాలిబాటలు చాలావరకు కుక్కలకు తెరిచే ఉంటాయి. ఓహైయోలోని కయహోగా వ్యాలీ నేషనల్ పార్కులో కూడా బాటల మీద లీష్‌తో నడిపించవచ్చు. మొదటి రోజు కాళ్లు సాగదీయడానికి చక్కటి చోటు. ఎల్లోస్టోన్ తప్పక చూడాలనుకుంటే ఒకరు చిట్టితో నీడన ఉండండి, మరొకరు చూసి రండి. లేదంటే పగటిపూట కుక్కలను ఉంచుకునే చోటును ముందే మాట్లాడుకోండి. వాళ్లు రేబిస్‌తో పాటు బోర్డెటెల్లా (కుక్కలకు వచ్చే అంటు దగ్గు) టీకా పత్రం కూడా అడుగుతారు.

దాన్ని కారులో వదిలి మాత్రం వెళ్లకండి. బయట 70 డిగ్రీల ఫారన్‌హీట్‌తో హాయిగా ఉన్న పూట కూడా మూసిన కారు లోపల అరగంటలో 104 దాకా చేరుతుంది. అద్దం కొంచెం దించినంత మాత్రాన పెద్దగా తేడా ఉండదు.

మొత్తం సుమారు 2,900 మైళ్లు. రోజుకు 400 దాటకపోతే ఏడెనిమిది రోజులు ప్రయాణం, మిగిలినవి విశ్రాంతికి. రెండు గంటలకొకసారి ఆగండి. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు కడుపు తేలికగా ఉంచితే వాంతులు తగ్గుతాయి. వెనక సీటులో బెల్టుకు తగిలించే ఛాతీ పట్టీ వాడండి. ముందు సీటు వద్దు, ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే ప్రమాదం.

టెంటును ఈ వారమే ఇంటి హాలులో వేయండి. రెండు రోజులు చిట్టి మేత అందులోనే పెట్టండి. తర్వాత కుక్కలను అనుమతించే దగ్గరి క్యాంపుగ్రౌండులో ఒక రాత్రి గడిపి రండి. ఏ చప్పుడుకు మొరుగుతుందో, చలికి వణుకుతుందో లేదో ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది.

పశువైద్యుల దగ్గర రేబిస్ పత్రం తీసుకోండి. లెప్టోస్పైరోసిస్ (జంతువుల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే జబ్బు), లైమ్ (పిడుదు కాటుతో వచ్చే జబ్బు) టీకాల గురించి అడగండి. న్యూజెర్సీలోనే కాదు, మీరు దాటే విస్కాన్సిన్‌లోనూ లైమ్ వ్యాధిని మోసే పిడుదులు ఎక్కువ. పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా లాగండి. చిన్నప్పుడు మన ఊళ్లలో చూసినట్టు కిరోసిన్ పోయడం, నిప్పు అంటించడం చేయకండి.

మరొకరి సమాధానం (డాలస్ నుంచి)

ఒక్క విషయం చేరుస్తాను. రెండేళ్ల కిందట నెబ్రాస్కాలో రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో మా కుక్క పట్టీలోంచి తల తప్పించుకుని పొలాల్లోకి పారిపోయింది. ఒక రైతు దాన్ని పట్టుకుని, యజమాని వివరాలు తెలిపేందుకు చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌ను చదివించారు. అందులో ఉన్నది మా పాత ఫోను నంబరు. నేనే మార్చలేదు. తొమ్మిది గంటలు పొలాల గట్ల మీద పిలుస్తూ తిరిగాను. మీరు ఇల్లు మారుతున్నారు కాబట్టి చిప్ నమోదులో ఫోను నంబరు, చిరునామా ఇప్పుడే సరిచూడండి. మెడ బిళ్ల మీద మీ వారి నంబరు కూడా చెక్కించండి, కొండల్లో ఒకరి ఫోను అందకపోయినా మరొకరిది అందుతుంది.

మళ్లీ ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. గ్లేసియర్ మానేస్తున్నాం, చిప్ వివరాలు ఇప్పుడే మార్చాను. రెండు సందేహాలు. మేము కుక్కర్, పొయ్యి తీసుకెళ్తున్నాం, చిట్టికి మా అన్నమే పెట్టవచ్చా? జూలై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం నాటికి సౌత్ డకోటాలో ఉంటాం, బాణసంచాతో ఇబ్బందా?

సమాధానం (మిన్నియాపొలిస్ నుంచి)

రోజూ తినే మేతనే పన్నెండు రోజులకూ సరిపడా, రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. ప్రయాణంలో తిండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. కడుపు బాగాలేని రోజు ఉప్పూ కారం లేని మెత్తటి తెల్లన్నం చాలు. మన వంటలో ప్రమాదమంతా ఉల్లి, వెల్లుల్లిలో ఉంది. అవి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, వండినా విషం పోదు. ఉప్మా, కూర, పచ్చడి ఏదీ అందనివ్వకండి. పాయసంలో ఎండుద్రాక్ష ఉంటే అదీ వద్దు, మూత్రపిండాలు పాడవుతాయి. వయోమింగ్, మాంటానాల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. మీ గిన్నెలతో పాటు చిట్టి మేత, ఖాళీ గిన్నె కూడా రాత్రి క్యాంపుగ్రౌండులో ఎలుగుబంట్లు తెరవలేని ఇనుప పెట్టెలోనో, తాళం వేసిన కారులోనో పెట్టాలి.

జూలై 4 మాట అడిగి మంచి పని చేశారు. దీపావళి రాత్రి మన వీధి కుక్కల పాట్లు మీరు చూసే ఉంటారు. నేషనల్ ఫారెస్టులలో బాణసంచా నిషేధం, అయినా పక్క ఊళ్ల చప్పుళ్లు దూరానికి వినిపిస్తాయి. బెదిరిన లాబ్రడార్‌ను టెంటు జిప్పు ఆపలేదు. ఆ ఒక్క రాత్రి కుక్కలను అనుమతించే హోటలు గది తీసుకోండి. చీకటి పడకముందే నడిపించి తీసుకొచ్చి, కర్టెన్లు మూసి, ఫ్యాను చప్పుడు పెట్టి పక్కనే కూర్చోండి. భయం తగ్గించే మందు కోసం పశువైద్యులను ఇప్పుడే అడగండి. రాసిస్తే, ప్రయాణానికి ముందే ఇంట్లో ఒకసారి ఇచ్చి ఎలా పనిచేస్తుందో చూసుకోండి.