మూర్ఛ: రాకుండా ఆపుడు ముందా, గోలీ ముందా?

ములుగు_రోడ్: మన పల్లె దవాఖానల్లో మూర్ఛ అంటే ఫిట్స్ వచ్చినంక గోలీ రాసుడే. కేసుల్లో 25 శాతం దాకా రాకుండా ఆపొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. కాన్పులో బిడ్డకు ఊపిరందకపోవడం, తలకు దెబ్బ, మెదడువాపు, బద్దెపురుగు: ఆపగలిగే కారణాలు ఇవే. వరంగల్ జిల్లాలో దవాఖాన సిబ్బందిని ఆ నివారణ పనికి మళ్లించాలె. ఏమంటారు?

గోలీల_లెక్క: ఒప్పుకోను. స్టాకు లేక రెండ్రోజులు గోలీ తప్పినా ఫిట్స్ తిరగబెడతాయి, ఒక్కోసారి ఆగకుండా వస్తాయి. ముందు ఉన్నోళ్లకు 2 నెలల మందు ఒకేసారి చేతికివ్వండి. పైగా నివారణ పేరుతో జరిగే తప్పు చూడండి: తలకు పెద్ద దెబ్బ తగిలితే ఏళ్ల తరబడి ఫెనిటోయిన్ అనే ఫిట్స్ గోలీ. అది మొదటి 7 రోజుల్లో వచ్చే ఫిట్స్‌నే తగ్గిస్తుంది, తర్వాత పట్టుకునే మూర్ఛను ఆపదు. అక్కడ నివారణ అంటే హెల్మెటే.

కాజీపేట_జంక్షన్: బద్దెపురుగుకు బడిల ఆల్బెండజోల్ ఇస్తనే ఉన్నరు గదా?

ల్యాబ్_స్లైడ్: ఆ 400 మిల్లీగ్రాముల ఒక్క గోలీ ఏలికపాములకు, కొంకిపురుగులకు అన్నా. బద్దెపురుగును నమ్మకంగా చంపదు. నిక్లోసమైడో ప్రాజిక్వాంటెలో కావాలి. ప్రాజిక్వాంటెల్‌తో చిక్కుంది: మెదడులో ఆ పురుగు పిల్లల తిత్తులు దాగి ఉంటే ఫిట్స్ రేగొచ్చు. నిక్లోసమైడ్ పేగు దాటదు. ఇంకోటి, పందిమాంసం ముట్టనోళ్లకు రాదనుకోవద్దు. సరిగా ఉడకని మాంసంతో వచ్చేది పేగులో పురుగు. మెదడులో తిత్తులు కట్టేది ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు నోట్లోకి పోతే. మరుగుదొడ్డికెళ్లి చేతులు కడగని వంటమనిషి ఒక్కరు చాలు.

ఎన్ఐసీయూ_నైట్: పురుగులు, గోలీల మధ్య ముందే పట్టుకునే సంగతి మర్చిపోయిన్రు. 3 నుంచి 8 నెలల పసిబిడ్డ నిద్ర లేవగానే తల వాల్చి, రెండు చేతులూ విదిల్చి, సెకనులో మామూలవుతుంది. కొన్ని సెకన్లకు మళ్లీ. అట్లా పదీ ఇరవై వరసగా. ఇదీ ఒక రకం మూర్ఛే. ఇంట్లో కడుపునొప్పనుకొని గ్రైప్ వాటర్ పోస్తారు, లేదా ఉలికిపాటంటారు. ఉలికిపాటు చప్పుడుకు వస్తుంది. ఇది చప్పుడు లేకుండానే, గుంపుగా వస్తుంది. వారాలు గడిస్తే బిడ్డ నేర్చిన నవ్వు, కళ్లలోకి చూడడం కూడా పోవచ్చు. మామూలు ఫినోబార్బిటాల్ సిరప్‌తో లొంగదు, స్టెరాయిడో విగాబట్రినో కావాలి. అంగన్‌వాడీ టీచర్‌ను సర్వే అడగొద్దు, రిజిస్టర్లకే ఆమెకు చెయ్యి ఆడదు. అనుమానమొస్తే బిడ్డ చొక్కా విప్పి, ముఖమూ చేతులూ కనబడేట్టు 2 నిమిషాల వీడియో తీయమనండి, చాలు.

గోలీల_లెక్క: ఇది ఒప్పుకుంటా మేడం. కానీ మెలకువలో మాత్రమే ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీసి ‘నార్మల్’ అని పంపేస్తే ఆ వీడియో వృథా. నిద్రలో కూడా రికార్డు కావాలి. ఇంతకీ వీడియో ఏ డాక్టర్ ఫోనుకు పోవాలి, ఆయన సెలవులో ఉంటే ఎవరు చూడాలి? ముందు అది కాగితం మీద పెట్టండి.