చార్టు మీద ఎవరి పేరు రాయాలి?

బట్టల కొట్టు, తిరుపతి:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో సైన్సు ప్రదర్శన పెడుతున్నారు, తనకు వచ్చిన అంశం ఇంటర్నెట్ పుట్టుక. చార్టు పైన కనిపెట్టినవారి పేరు పెద్ద అక్షరాలతో రాసి, కింద బొమ్మ అతికించాలట. అణుబాంబు పడినా చెడిపోకుండా అమెరికా సైన్యం కట్టుకున్నదే ఇంటర్నెట్ అని మా బావమరిది వాదన. టిమ్ బెర్నర్స్-లీ, 1989 అని వాళ్ళ టీచరు చెప్పారట. నేను వెతికితే వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ అని మరో రెండు పేర్లు తగిలాయి. పంచెల లెక్క తప్ప నాకు ఇవేవీ తెలియవు. సోమవారానికి చార్టు ఇవ్వాలి. దయచేసి ఒక్క పేరు చెప్పండి, చాలు.

పాత ఎక్స్‌ఛేంజ్, చిత్తూరు:
ఒక్క పేరు నా వల్ల కాదు గానీ, ఈ వ్యవహారంలో మా వాళ్ళ పరువు ఎలా పోయిందో చెబుతాను. మా వాళ్ళంటే టెలిఫోన్ వాళ్ళు. ముప్పై మూడేళ్ళు ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి రిటైరయ్యాను.

ఫోనులో ఇద్దరు మాట్లాడుతున్నంతసేపూ వాళ్ళ మధ్య దారి వాళ్ళదే. ఇద్దరూ అలిగి మౌనంగా కూర్చున్నా ఆ దారిలోకి మూడో మనిషి రాకూడదు. మాకు తెలిసిన విద్య అదే. 1960ల మొదట్లో అమెరికాలో ర్యాండ్ సంస్థలో పనిచేసే పాల్ బారన్ వేరే దారి ఆలోచించాడు. సందేశాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా చిరునామా రాసి వదిలేయాలి. ఏ దారి ఖాళీగా ఉంటే ఆ దారిన అది పోతుంది. మీరు తిరుపతివారు కాబట్టి మీకు ఇలా చెబితే తేలిక. ఒక ఊరి నుంచి నలభై మంది కొండకు బయలుదేరారనుకోండి. మా ఫోను పద్ధతి ఘాట్ రోడ్డంతా ఖాళీ చేయించి వాళ్ళ బస్సు ఒక్కదాన్నే పంపడం. బారన్ పద్ధతిలో ఒక్కొక్కరి చేతిలో ఒక చీటీ ఉంటుంది: ఫలానా సత్రం, నలభైలో పదిహేడో మనిషి. ఒకరు సీటు దొరికిన బస్సెక్కుతారు, ఒకరు అలిపిరి మెట్లెక్కుతారు, ఒకరు శ్రీవారి మెట్టు దారి పడతారు. పైకి చేరాక అంకెల వరుసలో నిలబడతారు. ఎవరైనా తప్పిపోతే అచ్చం అలాంటి మనిషినే కింది నుంచి మళ్ళీ పంపుతారు. ఇక్కడ మాత్రం నా పోలిక చెల్లదు.

బారన్ మనసులో ఉన్నది అణుయుద్ధమే. మీ బావమరిదికి ఆ మేరకు మార్కులు వేయండి. అయితే ఆయన ఈ సంగతి ఏటీ అండ్ టీ ఫోను కంపెనీకి చెబితే, అక్కడి ఇంజినీర్లు ఇది జరిగే పని కాదన్నారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. దాదాపు ఆ కాలంలోనే ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ తనంతట తాను అదే ఆలోచనకు వచ్చి, ఆ ముక్కలకు ప్యాకెట్ అని పేరు పెట్టాడు.

చివరికి ఈ పద్ధతిలో కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కును డబ్బిచ్చి కట్టించింది అమెరికా రక్షణ శాఖలోని ఆర్పా అనే పరిశోధనా విభాగం. అది బాంబు కోసం కాదు. అక్కడి అధికారి బాబ్ టేలర్ గదిలో మూడు దూరపు కంప్యూటర్లకు మూడు వేరువేరు టెర్మినళ్ళు ఉండేవి. ఒకదాని నుంచి లేచి మరోదాని ముందు కూర్చోవడం ఆయనకు విసుగు. అన్నింటికీ ఒక్కటే ఎందుకు ఉండకూడదన్నాడు. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థకు మొదటి సందేశం వెళ్ళింది. ఇంచుమించు మన తిరుపతికీ హైదరాబాదుకూ ఉన్నంత దూరం. ‘లాగిన్’ అని పంపబోతే ‘ఎల్’, ‘ఓ’ చేరాయి, ‘జీ’ దగ్గర అవతలి యంత్రం కూలబడింది. ఆ అక్షరాలు వెళ్ళింది అద్దెకు తీసుకున్న ఫోను లైను మీదే. అంతేకాదు, ‘ఎల్ అందిందా?’ అని అడగడానికి రెండు వైపులా మనుషులు చెవికి ఫోను పెట్టుకుని కూర్చున్నారు!

మా దాకా ఇంటర్నెట్ వచ్చేసరికి 2000 దాటింది, అదీ ఫోను లైను మీదే. సగటు కాల్ మూడు నిమిషాలన్న లెక్క మీద ఎక్స్‌ఛేంజ్‌లు కట్టుకున్న కాలం మాది. ఒక ఇంటి లైను రాత్రి పదింటి నుంచి తెల్లవారుజాము నాలుగింటి దాకా ఎంగేజ్. ఇలా మూడు రాత్రులు. తీగలు కలిసిపోయాయనుకుని, టార్చి పట్టుకుని వెళ్ళి, వీధిలో ఫోను తీగలు కలిసే డీపీ పెట్టె దగ్గర టెస్ట్ ఫోను తగిలించి విన్నాను. చెవి చిల్లులు పడే కీచుమోత. తలుపు తడితే ఇంటర్ చదివే కుర్రవాడు నిద్రకళ్ళతో వచ్చి, పాట దిగుతోంది, ఇంకో గంట ఆగండి అన్నాడు.

నెట్ సెంటర్ అక్క, బాలాజీ కాలనీ:
పెద్దాయన గారూ, ఆ కీచుమోత వింటూ ఆరేళ్ళు బతికాను! ఎంసెట్ ఫలితాల రోజు మెట్ల మీద దాకా వరుస, ఒక పేజీ తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు.

టీచరు గారిది అలవాటులో వచ్చే పొరపాటు. నా దగ్గరికి వచ్చి ‘ఇంటర్నెట్ తెరవమ్మా’ అన్న ప్రతివారికీ నేను తెరిచి ఇచ్చింది వెబ్ పేజీయే. అన్నా, ఇంటర్నెట్ దారి, వెబ్ ఆ దారిన వచ్చే పేజీలు; రెండూ వేరు. వెబ్ జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రంలో బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించినది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని అందరికీ ఉచితం చేసింది. ఈమెయిల్ దానికంటే చాలా పాతది. రే టామ్లిన్‌సన్ 1971లోనే పేరుకూ యంత్రానికీ మధ్య ఆ @ చుట్ట గుర్తు పెట్టి పంపాడు. సెర్ఫ్, కాన్ చేసింది ఇంకొకటి: తీగ మీదిదీ, రేడియోదీ, ఉపగ్రహానిదీ, ఇలా పొంతన లేని నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలు. ఆర్పా నెట్‌వర్కు మొత్తం 1983 జనవరి 1న వాటికి మారింది. మన దేశంలో మామూలు జనానికి 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందింది.

ఒక్క పేరే కావాలంటే నా ఓటు ఆ ఇద్దరికీ.

బట్టల కొట్టు, తిరుపతి:
ఇద్దరికీ నమస్కారం. అంతా చదివి వినిపిస్తే మా అమ్మాయి పేరు రాయడమే మానేసింది. చార్టు పైన ‘లో’ అని ఒక్క అక్షరం రాసి, 1969 అక్టోబరు 29 అని కింద వేస్తుందట. తెలుగులో అది లోపలికి రమ్మన్నట్టు ఉందని నవ్వుతోంది. బొమ్మే ఇంకా తేలలేదు.

పాత ఎక్స్‌ఛేంజ్, చిత్తూరు:
ఫోను బొమ్మ అతికించమనండి. నల్లది, వేలు పెట్టి తిప్పేది.